బరువులెత్తే విద్య: బలం ఎంత, శాస్త్రం ఎంత?

విజయవాడ నగరంలోని ఇండోర్ స్టేడియానికి దండమూడి రాజగోపాలరావు పేరు పెట్టారు. ఆయన 1916లో కృష్ణాజిల్లా ఉయ్యూరు దగ్గరి గండిగుంట గ్రామంలో జన్మించారు. 1948లో లండన్ ఒలింపిక్ క్రీడలలో బరువులెత్తే పోటీలో భారతదేశం తరఫున పాల్గొన్నారు. 1951లో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఆసియా క్రీడలలో కాంస్య పతకం గెలుచుకొన్నారు. 'ఇండియన్ టార్జాన్' అని ప్రజలు ఆయనను పిలుచుకొన్నారు. 1963లో విడుదలైన 'నర్తనశాల' చిత్రంలో భీముని పాత్ర ధరించినది కూడా ఆయనే.

ఇటువంటివారిని చూచినప్పుడు సామాన్యునికి కలిగే భావం ఒకటే: ఇది పుట్టుకతో వచ్చిన బలం, మనకు అబ్బేది కాదు. ఈ భావం సగమే నిజం. ఎముకల పొడవు, కండరాల అమరిక కొంతవరకు తల్లిదండ్రుల నుంచి సంక్రమిస్తాయి. కాని బరువులెత్తడం మాత్రం ఈత వలె, వీణ వలె నేర్చుకొనవలసిన విద్య. ఈ విద్యకు ఆధారమైన సూత్రాలు రెండే. బరువు ఎక్కడ ఉన్నది అన్నది మొదటిది. అది భౌతికశాస్త్రానికి సంబంధించినది. బరువును ఏ క్రమంలో పెంచుతున్నాము అన్నది రెండవది. అది శరీరధర్మశాస్త్రానికి సంబంధించినది. ఈ రెండూ తెలిసినచో పద్నాలుగేళ్ళ బాలునికి, డెబ్బై ఏళ్ళ అవ్వకు ఒకే పాఠం చెప్పవచ్చు. మారేది బరువు మాత్రమే.

బస్తా, బండ, కడ్డీ

కృష్ణా డెల్టాకు బరువులు కొత్త కాదు. కోతల కాలంలో కళ్ళాల మీద, రైసు మిల్లుల దగ్గర ధాన్యం బస్తాలు ఎత్తి దించిన కూలీలు ఎందరో ఉన్నారు. డెల్టాలో ధాన్యం బస్తా అంటే 75 కిలోల లెక్క. పల్లెల్లో సాముగరిడీలు నేర్పే తాలింఖానాలలో యువకులు దండాలు, బస్కీలు తీసేవారు. రాతి గుండ్లు ఎత్తి పందాలు వేసుకొనేవారు.

అయితే బస్తాలోను, బండలోను ఒక లోపం ఉన్నది. వాటి బరువు మారదు. 75 కిలోల బస్తాను ఎత్తగలిగినవాడు ఎత్తుతాడు. ఎత్తలేనివాడు నడుము పట్టించుకొంటాడు. ఈరోజు కొంచెం, రేపు ఇంకొంచెం అనే మధ్యేమార్గం అక్కడ లేదు. పైగా బస్తాకు పట్టు సరిగా దొరకదు. అది ఒంటికి ఎంత దగ్గరగా ఉండాలో మనం నిర్ణయించలేము.

బార్‌బెల్ ఈ లోపాన్ని తీర్చింది. ఇది ఒక ఉక్కు కడ్డీ. రెండు కొనలకు గుండ్రని ప్లేట్లు తొడుగుతారు. పోటీలలో పురుషులు వాడే కడ్డీ బరువు 20 కిలోలు, పొడవు 2.2 మీటర్లు. స్త్రీల కడ్డీ 15 కిలోలు, పొడవు 2.01 మీటర్లు, చేతి పట్టుకు అనువుగా కొంచెం సన్నగా ఉంటుంది. పెద్ద ప్లేటు వ్యాసం 45 సెంటీమీటర్లు. కనుక నేలమీద ఉన్న కడ్డీ మధ్యరేఖ ఎప్పుడూ నేలకు 22.5 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. విజయవాడలో నేర్చుకొన్నవాడు సిడ్నీలో ఎత్తినా అదే ఎత్తు, అదే పట్టు. ప్లేట్లు మార్చి బరువును ఒక్కొక్క కిలో చొప్పున కూడా పెంచవచ్చు. రాతి గుండు బలాన్ని పరీక్షిస్తుంది. బార్‌బెల్ బలాన్ని పెంచుతుంది.

గరిమనాభి పాఠం

తరగతి గదిలో విద్యార్థులు ఒక ప్రయోగం చేయవచ్చు. గోడకు వీపు ఆనించి, మడమలు గోడకు తగిలేటట్లు నిలబడవలెను. తరువాత మోకాళ్ళు వంచకుండా ముందుకు వంగి కాలివేళ్ళను తాకుటకు ప్రయత్నించవలెను. ఎంత చురుకైన విద్యార్థికైనా ఇది సాధ్యం కాదు, ముందుకు తూలిపోతాడు. గోడ లేనిచోట ఇదే పని సులభం. కారణం ఏమనగా, మనం ముందుకు వంగినప్పుడు తెలియకుండానే తుంటిని వెనుకకు నెడతాము. శరీరం యొక్క గరిమనాభి పాదాల మీదనే నిలిచేటట్లు చూచుకొంటాము. గోడ అడ్డు వచ్చినప్పుడు తుంటి వెనుకకు పోదు, గరిమనాభి కాలివేళ్ళను దాటిపోతుంది, మనిషి పడిపోతాడు.

బరువు చేతబట్టినప్పుడు కూడా ఇదే సూత్రం. ఇప్పుడు లెక్కలోకి వచ్చేది మనిషి గరిమనాభి ఒక్కటే కాదు, మనిషి, కడ్డీ కలిసిన మొత్తానికి ఉండే గరిమనాభి. కడ్డీ బరువు పెరిగినకొద్దీ అది కడ్డీ వైపు జరుగుతుంది. మనిషి నిలబడడానికి ఆధారం పాదాలే కనుక, బరువు హెచ్చినకొద్దీ కడ్డీ పాదం నడిమి భాగానికి సరిగా పైన ఉండక తప్పదు. బూటు తాళ్ళు ముడివేసే చోటు అని దీనిని గుర్తుపెట్టుకోవచ్చు. కడ్డీ అక్కడినుంచి నిలువుగా పైకి లేచి, నిలువుగా కిందికి దిగవలెను. బరువులు నేర్పే గురువు చెప్పే సూచనలలో సగానికి పైగా ఈ నిలువు గీతను కాపాడడానికే.

నడుము ఎందుకు పట్టుకొంటుంది?

ఈ గీత తప్పితే ఏమవుతుందో లెక్క వేసి చూడవచ్చు. డెల్టా రైతుకు ఏతాం తెలుసు. ఆధారానికి ఒక వైపు నీటి బాన, మరొక వైపు మనిషి; బరువు ఆధారానికి ఎంత దూరంగా ఉంటే దానిని లేపడానికి అంత బలం కావాలి. బరువును దూరంతో గుణిస్తే వచ్చే దానిని భ్రామకం అంటారు.

మనిషి నడుము కూడా ఒక ఏతామే. నడుము దిగువనున్న వెన్నుపూసల కీలు దానికి ఆధారం. ముందు వైపు చేతుల్లో బరువు ఉంటుంది. వెనుక వైపు వెన్ను కండరాలు లాగుతాయి. అయితే ఈ కండరాలు కీలుకు సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉన్నాయి. ఇక 60 కిలోల బరువు ఆ కీలుకు 40 సెంటీమీటర్లు ముందుగా ఉన్నదనుకొందాము. 60ని 40తో గుణించి 5తో భాగించినచో 480 వస్తుంది. అనగా వెన్ను కండరాలు 480 కిలోల బరువుతో సమానమైన బలంతో లాగవలసి ఉంటుంది. అదే బరువును ఒంటికి దగ్గరగా, 25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకొన్నచో 60ని 25తో గుణించి 5తో భాగించగా 300 మాత్రమే వస్తుంది. బరువు మారలేదు, మనిషి మారలేదు. దూరం 15 సెంటీమీటర్లు తగ్గినందువల్ల నడుము మీద భారం 180 కిలోలు తగ్గింది. మొండెం బరువును ఈ లెక్కలో చేర్చలేదు. చేర్చినా సూత్రం మారదు.

బిందె ఎత్తే గృహిణికి, మంచం జరిపే కుర్రవానికి, సంచీ దించే కూలీకి కూడా ఈ లెక్క వర్తిస్తుంది. బరువును ఒంటికి దగ్గరగా తీసుకొన్న తరువాతనే ఎత్తవలెను. నడుము పట్టినప్పుడు చాలామంది బరువును నిందిస్తారు. అనేక సందర్భాలలో నిందించవలసినది దూరాన్ని.

మూడు మూల వ్యాయామాలు

బార్‌బెల్‌తో చేసే వ్యాయామాలు అనేకం ఉన్నా, ప్రారంభకులకు మూడు చాలు.

మొదటిది నేలమీది నుంచి ఎత్తడం. దీనిని డెడ్‌లిఫ్ట్ అంటారు. కడ్డీ పాదాల నడిమి భాగానికి పైన ఉండేటట్లు నిలబడాలి. అప్పుడు కడ్డీకి, మోకాలి కింది ఎముకకు మధ్య రెండు మూడు సెంటీమీటర్ల సందు ఉంటుంది. తుంటి నుంచి వంగి, మోకాళ్ళకు వెలుపల కడ్డీని పట్టుకోవాలి. ఎముక కడ్డీని తాకేదాకా మోకాళ్ళు వంచి, రొమ్ము ఎత్తి, వెన్నును తిన్నగా బిగించాలి. ఊపిరి పీల్చి నిలిపి, నేలను కాళ్ళతో కిందికి నెడుతున్నట్లు లేవాలి. దారి పొడవునా కడ్డీ కాళ్ళను రాసుకొంటూ పోవాలి. కాళ్ళకూ కడ్డీకీ మధ్య వెలుతురు కనిపించినచో నిలువు గీత తప్పినట్లే.

రెండవది కడ్డీని మూపున ఉంచుకొని కూర్చొని లేవడం, అనగా స్క్వాట్. గొంతుక్కూర్చోవడం మనదేశంలో పిల్లలకు సైతం తెలిసినదే. బడిలో శిక్షగా తీసిన గుంజీలు గుర్తులేనివారు అరుదు. అయితే గుంజీకి, స్క్వాట్‌కు భేదం ఉన్నది. గుంజీలో వేగమే గాని అదుపు ఉండదు. స్క్వాట్‌లో తుంటి వెనుకకు, కిందికి సాగాలి. మోకాళ్ళు కాలివేళ్ళు చూచే దిక్కుకే పోవాలి. మడమలు నేలను వదలరాదు. తుంటి మడత మోకాలి పై అంచు కంటే కొంచెం కిందికి దిగిన తరువాత లేవాలి. అంత లోతుకు పోయినప్పుడు తొడ ముందు కండరాలు, వెనుక కండరాలు, పిరుదుల కండరాలు అన్నీ కలిసి పనిచేస్తాయి. బరువు హెచ్చిన కొద్దీ కొందరు సగంలోనే లేస్తారు. కడ్డీ మీద అంకె పెరుగుతుంది గాని పిరుదుల కండరాలకు పని తగ్గిపోతుంది.

మూడవది నిలబడి కడ్డీని భుజాల మీదినుంచి తలపైకి నెట్టడం. కడ్డీ గడ్డానికి తగలకుండా తలను కొంచెం వెనుకకు తీసి, కడ్డీ నుదురు దాటగానే దాని కిందికి రావాలి. పూర్తిగా ఎత్తిన తరువాత కడ్డీ, భుజాలు, తుంటి, పాదం నడిమి భాగం ఒకే నిలువు గీతలో ఉంటాయి. రాజగోపాలరావు పోటీ చేసిన రోజుల్లో ఒలింపిక్ క్రీడలలో కూడా ఇటువంటి నెట్టుడు ఒక అంశంగా ఉండేది. క్రమేణా క్రీడాకారులు నడుము విపరీతంగా వెనుకకు వంచి నెట్టసాగారు. ఎంతవరకు వంగితే తప్పో న్యాయనిర్ణేతలు తేల్చలేకపోయారు. 1972 మ్యూనిక్ క్రీడల తరువాత ఈ అంశాన్ని తొలగించారు. కడ్డీని ఒకే ఊపున తలపైకి తీసుకుపోయే స్నాచ్, రెండు దశలలో ఎత్తే క్లీన్ అండ్ జెర్క్ మాత్రమే మిగిలాయి.

ఈ రెండింటిలోను ఒక విశేషం ఉన్నది. కడ్డీ మొత్తం దూరాన్ని చేతుల బలంతో ఎవరూ ఎత్తరు. కాళ్ళ తోపుతో కడ్డీకి వేగం కలిగిస్తారు. ఆ వేగంతో కడ్డీ ఇంకా పైకి పోతుండగానే మెరుపు వలె దాని కిందికి దూరి కూర్చొంటారు. ఎత్తడం ఎంత ముఖ్యమో, దూరడం అంత ముఖ్యం. మూడు మూల వ్యాయామాలు కుదిరిన తరువాతనే వీటికి పోవడం మంచిది.

ఊపిరి సంగతి కూడా చెప్పుకోవాలి. బరువు లేపే ముందు ఊపిరి పీల్చి పొట్ట కండరాలను బిగించినప్పుడు, కడుపులో ఏర్పడే పీడనం వెన్నుకు ముందువైపు నుంచి ఆసరా ఇస్తుంది. గాలి నింపిన సైకిలు ట్యూబు గట్టిపడినట్లే మొండెం గట్టిపడుతుంది. అయితే ఆ కొద్ది క్షణాలలో రక్తపు పోటు బాగా పెరుగుతుంది. కనుక అధిక రక్తపోటు, గుండెజబ్బు, హెర్నియా ఉన్నవారు, ఇటీవల శస్త్రచికిత్స చేయించుకొన్నవారు వైద్యుని సలహా లేకుండా ఈ వ్యాయామాలు మొదలుపెట్టరాదు.

బలం ఎట్లా పెరుగుతుంది?

ప్రాచీన గ్రీసులో మైలో అనే మల్లుడు ఒక దూడను ప్రతిరోజూ భుజాన మోసేవాడనీ, దూడ ఎద్దు అయ్యేసరికి ఎద్దును మోయగలిగాడనీ ఒక కథ ఉన్నది. ఈ కథలోని సూత్రాన్ని రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైనిక వైద్యుడు థామస్ డిలోర్మ్ చికిత్సగా మార్చాడు. కాళ్ళు దెబ్బతిన్న సైనికులకు తేలికపాటి కదలికలు ఎన్నిసార్లు చేయించినా బలం రావడం లేదు. ఆయన వారిచేత బరువులు ఎత్తించి, ఎత్తగలిగినకొద్దీ బరువు పెంచుతూ పోయాడు. ఈ పద్ధతి ఫలితాలను 1945లో ప్రకటించాడు. క్రమంగా పెంచే భారం అనే భావన వైద్యంలో స్థిరపడింది.

ఇందులో రెండు దశలు ఉన్నాయి. మొదటి కొద్ది వారాలలో కండరం లావు కాకుండానే బలం పెరుగుతుంది. ఇది చాలామందికి ఆశ్చర్యంగా తోస్తుంది. ప్రకాశం బ్యారేజీ వెనుక నీరు ఎంత ఉన్నా, కాలువల తూములు తెరవనిదే చేనుకు నీరందదు. అట్లే కండరంలో తంతువులు ఎన్ని ఉన్నా, నాడులు వాటిని ఒక్కసారిగా కదిలించనిదే బలం బయటికి రాదు. అభ్యాసం వల్ల మొదట ఈ తూములు తెరుచుకొంటాయి. తరువాతి దశలో కండర తంతువులలో మాంసకృత్తులు చేరి అవి లావవుతాయి. ఎముకలు, కండర బంధనాలు ఇంకా మెల్లగా గట్టిపడతాయి. కండరం తొందరపడినా బంధనం తొందరపడదు. బరువును నిదానంగా పెంచవలసిన కారణం ఇదే.

బలం పెరిగేది బరువు ఎత్తేటప్పుడు కాదు, తరువాత విశ్రాంతి తీసుకొనేటప్పుడు. అందువల్ల వారానికి మూడు రోజులు, రోజు మార్చి రోజు అభ్యాసం చేయడం వాడుక. ఒక్కొక్క వ్యాయామాన్ని ఐదేసి సార్లు చొప్పున మూడు విడతలు చేస్తే సరిపోతుంది. విడతల మధ్య మూడు నుంచి ఐదు నిమిషాల విరామం ఇవ్వాలి.

పెంపుదల లెక్క కూడా చూడదగినది. ఆరోగ్యవంతుడైన ఒక యువకుడు ఖాళీ కడ్డీతో, అనగా 20 కిలోలతో స్క్వాట్ ప్రారంభించాడనుకొందాము. ప్రతి అభ్యాసానికి రెండున్నర కిలోలు మాత్రమే పెంచుతాడు. ఎనిమిది వారాలలో 24 అభ్యాసాలు, 23 పెంపులు. 23ను 2.5తో గుణిస్తే 57.5, దానికి 20 కలిపితే 77.5 కిలోలు. మొదటి రోజు అసాధ్యంగా కనిపించిన ధాన్యం బస్తా బరువు రెండు నెలలలో కాళ్ళకు అందుతుంది. అయితే ఈ వేగం ఎల్లకాలం సాగదు. కొన్ని నెలల తరువాత పెంపు వారానికి ఒకసారి, ఆ పైన నెలకు ఒకసారి అవుతుంది. స్త్రీలు, వృద్ధులు, బాలురు మొదటినుంచే కిలో, అరకిలో చొప్పున పెంచుకోవచ్చు.

దీనికి ఆహారం తోడు కావాలి. డెల్టా భోజనంలో అన్నం పాలు ఎక్కువ, మాంసకృత్తుల పాలు తక్కువ. వ్యాయామం చేసేవారికి శరీరం బరువులో కిలోకు రోజుకు 1.2 నుంచి 1.6 గ్రాముల మాంసకృత్తులు మేలు. 60 కిలోల మనిషికి ఇది 72 నుంచి 96 గ్రాములు. ఒక కోడిగుడ్డులో సుమారు 6 గ్రాములు, నూరు గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు, నూరు గ్రాముల చేపలో సుమారు 20 గ్రాములు ఉంటాయి. పప్పు, పెరుగు, గుడ్డు, చేప తినేవారికి డబ్బాల్లో అమ్మే పొడులు తప్పనిసరి కావు. కండలు పెంచుతాయని చెప్పే హార్మోను మందులు మాత్రం గుండెకు, కాలేయానికి హాని చేస్తాయి. వాటిని బాలురు తాకనే రాదు.

గురువు కన్ను

ఎత్తేవాడికి తన వీపు తనకు కనిపించదు. నడుము తిన్నగా ఉన్నదని అతడు అనుకొంటాడు. నిజానికి అది వంగి ఉండవచ్చు. గురువు అవసరం ఇక్కడ వస్తుంది. మంచి గురువు ఎదురుగా నిలబడక, పక్కకు కొంచెం ఓరగా నిలబడి కడ్డీ కొనను చూస్తాడు. కొన నిలువుగా కదులుతున్నదా, ముందుకు తూలుతున్నదా అన్నది అక్కడినుంచి స్పష్టంగా తెలుస్తుంది. తప్పులు నాలుగు కనిపించినా ఒక్కటే చెబుతాడు. బరువు కింద ఉన్న మనిషి ఒక మాటకు మించి వినలేడు. 'రొమ్ము ఎత్తు', 'మడమ నొక్కు', 'మోకాళ్ళు బయటికి' వంటి రెండేసి మాటలు చాలు. రూపం చెడినప్పుడు బరువు తగ్గించడానికి వెనుదీయడు.

తెలుగునాట ఇటువంటి గురుత్వానికి నిదర్శనాలు ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లేశ్వరికి చిన్ననాట నీలంశెట్టి అప్పన్న శిక్షణ ఇచ్చారు. ఆమె 1994, 1995 సంవత్సరాలలో ప్రపంచ విజేత అయింది. 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 69 కిలోల తరగతిలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం పొందింది. ఒలింపిక్ పతకం సాధించిన మొట్టమొదటి భారతీయ మహిళ ఆమెయే. స్వర్ణం గెలిచిన చైనా క్రీడాకారిణి ఎత్తినది 242.5 కిలోలు. మల్లేశ్వరి చివరి ప్రయత్నంగా 137.5 కిలోలకు పూనుకొన్నది గాని అది సాధ్యం కాలేదు. ఆ స్థాయిలో రెండున్నర కిలోల విలువ ఎంతో దీనినిబట్టి ఊహించవచ్చు.

డెల్టా అంచున బాపట్ల దగ్గర ఉన్న స్టువర్టుపురం నుంచి రాగాల వెంకట రాహుల్ వచ్చాడు. 2018లో ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్‌లో జరిగిన కామన్వెల్త్ క్రీడలలో 85 కిలోల తరగతిలో 151, 187, మొత్తం 338 కిలోలు ఎత్తి స్వర్ణ పతకం గెలిచాడు. 187 కిలోలు అంటే రెండున్నర ధాన్యం బస్తాలు. తన శరీరం బరువుకు రెండు రెట్ల పైమాట.

ఏ వయస్సుకు ఎంత?

బరువులెత్తితే పిల్లలు పొట్టిగా ఉండిపోతారని ఒక భయం మన సమాజంలో నాటుకొని ఉన్నది. బాలుర ఎముకల కొనల దగ్గర పెరుగుదలకు ఆధారమైన మృదులాస్థి పొర ఉంటుందన్నది నిజమే. అయితే శిక్షకుని పర్యవేక్షణలో తగిన బరువుతో చేసే అభ్యాసం ఈ పొరకు హాని చేయదనీ, ఎత్తును తగ్గించదనీ పరిశోధనలు తేల్చాయి. చెట్టు మీదినుంచి దూకిన బాలుని ఎముక మీద పడే భారం, తేలికపాటి కడ్డీ వల్ల పడే భారం కంటే చాలా ఎక్కువ. బరువులెత్తేవారిలో పొట్టివారు కనిపించడానికి కారణం వేరు. పొట్టివాడు కడ్డీని తక్కువ దూరం లేపితే చాలు. కనుక అతడు ఆ క్రీడలో రాణిస్తాడు. బరువు అతనిని పొట్టి చేయలేదు.

అయినా బాలుర విషయంలో నియమాలు ఉన్నాయి. మొదటి కొన్ని వారాలు వెదురు కర్రతోనే రూపం నేర్పాలి. ఎవరు ఎక్కువ ఎత్తుతారు అనే పందెం కూడదు. పెద్దలు లేనిచోట ఒంటరిగా ఎత్తరాదు. ప్లేట్లు జారకుండా కడ్డీ కొనలకు బిగింపులు ఉండి తీరాలి.

వృద్ధుల విషయంలో భయం ఇంకొక విధమైనది. ముప్ఫై, నలభై ఏళ్ళు దాటినప్పటినుంచి కండరం మెల్లగా కరగడం ప్రారంభిస్తుంది; అరవై దాటిన తరువాత ఈ క్షయం వేగం పుంజుకొంటుంది. స్త్రీలలో ముట్లుడిగిన తరువాత ఎముక కూడా పలుచబడుతుంది. ఇంట్లో జారిపడిన అవ్వకు తుంటి ఎముక విరగడం, ఆ తరువాత ఆమె మంచం దిగలేకపోవడం చాలా కుటుంబాలు ఎరిగిన విషాదమే. వయస్సు మీద పడింది గనుక బరువులు తగ్గించాలని బంధువులు చెబుతారు. బలం తగ్గినకొద్దీ పని తగ్గిస్తారు. పని తగ్గినకొద్దీ బలం ఇంకా తగ్గుతుంది.

ఈ వలయాన్ని తెంచవచ్చునని 1990లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన చూపింది. బోస్టన్ నగరంలోని ఒక వృద్ధాశ్రమంలో సుమారు తొంభై ఏళ్ళ వయస్సు గల పదిమంది చేత మరియా ఫియటరోన్, ఆమె సహచరులు ఎనిమిది వారాలపాటు కాళ్ళతో బరువులు ఎత్తించారు. కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది. తొడ కండరం కూడా సుమారు 9 శాతం వృద్ధి పొందింది. తొంభై ఏళ్ళ కండరం సైతం భారానికి స్పందిస్తుందన్నమాట.

ఎముక సంగతి కూడా ఇంతే. ఎముక తన మీద పడే భారాన్ని బట్టి తన నిర్మాణాన్ని మార్చుకొంటుందని జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో చెప్పాడు. 2018లో ప్రచురితమైన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో ఎముకలు పలుచబడిన 101 మంది స్త్రీలు పాల్గొన్నారు. వారిలో ఒక జట్టు ఎనిమిది నెలలపాటు వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, శిక్షకుల పర్యవేక్షణలో డెడ్‌లిఫ్ట్, స్క్వాట్, తలపైకి నెట్టుడు, వాటికి తోడు గెంతే వ్యాయామం చేసింది. వారి నడుము వెన్నుపూసల ఎముక సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలిక వ్యాయామం చేసిన రెండవ జట్టులో అది 1.2 శాతం తగ్గింది.

డెబ్బై ఏళ్ళ అవ్వ మొదటిరోజే కడ్డీ పట్టనక్కరలేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోనుంచి లేవడమే ఆమెకు మొదటి స్క్వాట్. అది ఐదుసార్లు సులభంగా చేయగలిగినప్పుడు పీట ఎత్తు కొంచెం తగ్గించాలి. తరువాత కిలో ఇసుక సంచీ రొమ్ముకు హత్తుకొని లేవాలి. ఆ తరువాత రెండు కిలోలు. పాదం నడిమి భాగం మీద బరువు, తిన్నని వెన్ను, నేలను వదలని మడమ — ఇవి రాహుల్‌కు ఎట్లాగో ఆమెకూ అట్లాగే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూచనలలో పెద్దలందరూ వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలనీ, వృద్ధులు మూడు రోజులు బలం, నిలకడ పెంచే వ్యాయామాలు చేయాలనీ పేర్కొన్నది.

పాఠశాలలు చేయగలిగినది

ఉన్నత పాఠశాలలో ఈ విద్య ప్రారంభించడానికి పెద్ద వ్యయం అక్కరలేదు. పది వెదురు కర్రలు, ఒక గోడ, సుద్దముక్క ఉంటే మొదటి నెల గడిచిపోతుంది. నేలమీద సుద్దతో గీత గీసి, పాదం నడిమి భాగం దానిమీద ఉంచి నిలబెట్టవచ్చు. వెదురు కర్ర కొనకు దారంతో ఒక చిన్న గుండు కట్టి వేలాడదీస్తే, కర్ర నిలువుగా కదులుతున్నదో లేదో ఆ గుండు గీత మీద ఉన్నదాన్నిబట్టి విద్యార్థులే కనిపెట్టగలరు. వ్యాయామ ఉపాధ్యాయుడు రూపం నేర్పుతుండగా, భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు అదే కర్రతో గరిమనాభిని, భ్రామకాన్ని బోధించవచ్చు. రెండవ నెలకు ఒక కడ్డీ, కొన్ని చిన్న ప్లేట్లు, ఒక నోటు పుస్తకం సమకూర్చుకోవాలి. ఆ పుస్తకంలో ప్రతి విద్యార్థి తేదీ, బరువు, ఎన్నిసార్లు ఎత్తినది రాసుకోవాలి.

మూడు నెలల తరువాత ఆ అంకెలతో గళ్ళ కాగితం మీద రేఖాపటం గీయించినచో, తన శరీరంలో జరిగిన మార్పును విద్యార్థి తన కళ్ళతో చూడగలుగుతాడు. నేర్చుకొన్నదానిని ఇంటికి తీసుకొనిపోయి, నాయనమ్మ చేత కుర్చీలోనుంచి చేతులు ఆనించకుండా ఐదుసార్లు లేపించినవాడు ఈ పాఠాన్ని సంపూర్ణంగా గ్రహించినట్లే.